గోడలోంచి వచ్చే నెట్‌వర్క్ కేబుల్‌కు జాక్ బిగించే పద్ధతి

విశాఖపట్నంలో చాలా ఇళ్లకు ఫైబర్ కనెక్షన్ హాలులో టీవీ పక్కనో, గుమ్మం పైనో వచ్చి ఆగిపోతుంది. అక్కడి నుంచి పడకగదిలోని కంప్యూటరుకు, మేడ మీది వైఫై పెట్టెకు, గేటు దగ్గరి కెమెరాకు రాగి కేబుల్ వేసుకోవడం ఇంటివాళ్ల బాధ్యతే. ఎంవీపీ కాలనీలోని అపార్ట్‌మెంట్ అయినా, మధురవాడలో పదిమంది పనిచేసే చిన్న ఆఫీసు అయినా, గోడలోని పైపు గుండా కేబుల్ లాగే పనిని ఎలక్ట్రీషియన్ చక్కగానే చేసిపెడతాడు. ఆ కేబుల్ చివర జాక్ బిగించే పని వేరు; దానికి కావలసిన పనిముట్లు కొన్నే, నైపుణ్యం కూడా ఒక సాయంత్రం ఓపిగ్గా కూర్చుంటే పట్టుబడేదే. అయితే కేబుల్ ఎంత మంచిదైనా, చివరి అర అంగుళంలో చేసే అశ్రద్ధ వల్ల దాని వేగం పదోవంతుకు పడిపోవచ్చు. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ అర అంగుళం గురించే.

మొదట ఒక అలవాటు మానుకోవాలి. గోడ రంధ్రంలోంచి బయటికి వచ్చిన కేబుల్‌కు నేరుగా ప్లగ్ క్రింప్ చేసి (టూల్‌తో నొక్కి బిగించి), దాన్నే కంప్యూటరుకు గుచ్చేయడం మన దగ్గర పరిపాటి. గోడలో వేసే కేబుల్‌లో ఒక్కో తీగ ఒంటి రాగి తీగగా ఉంటుంది. మాటిమాటికీ వంగితే అది లోపలే విరుగుతుంది, పైకి ఏమీ కనిపించదు. ప్లగ్ మీది చిన్న ప్లాస్టిక్ నాలుక కూడా కొంతకాలానికి విరిగి, కనెక్షన్ వదులవుతుంది. గోడ కేబుల్‌ను గోడకే బిగించిన జాక్‌లో ముగించి, అక్కడి నుంచి కంప్యూటరు దాకా సన్నని పోగుల తీగలతో ఫ్యాక్టరీలో తయారైన ప్యాచ్ కార్డ్ వాడితే, అరిగేది, విరిగేది ప్యాచ్ కార్డ్ మాత్రమే. అది పాడైతే కొత్తది తెచ్చుకోవచ్చు, గోడ జోలికి వెళ్లనక్కర్లేదు.

కొనవలసిన సామాను

కేబుల్ విషయంలో క్యాట్ 6 తరగతిది తీసుకోండి. అందులో తీగ సాధారణంగా 23 గేజ్ మందంలో ఉంటుంది. గోడలో జాక్ నుంచి జాక్ దాకా 90 మీటర్లు, రెండు వైపుల ప్యాచ్ కార్డులతో కలిపి మొత్తం 100 మీటర్లు మించకూడదన్నది ప్రమాణం. ఇళ్లలో ఈ హద్దు దగ్గరకు ఎవరూ రారు. ద్వారకానగర్‌లోనో డాబాగార్డెన్స్‌లోనో కొనేటప్పుడు తప్పక అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఇది పూర్తి రాగా, సీసీఏనా? సీసీఏ అంటే అల్యూమినియం తీగ మీద పలచని రాగి పూత. ధర తక్కువ, తూకం తక్కువ, చూడటానికి మాత్రం ఒకేలా ఉంటుంది. ఒక తీగ మీది ప్లాస్టిక్ తీసి బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే అది అల్యూమినియమే. అల్యూమినియం త్వరగా విరుగుతుంది, జాక్‌లో తీగను పట్టుకునే గాడి అంచుల మధ్య నొక్కుకుపోయి క్రమంగా వదులవుతుంది, కెమెరాలకు కేబుల్ ద్వారానే కరెంటు పంపినప్పుడు రాగికంటే ఎక్కువ వేడెక్కుతుంది. గోడలో పూడ్చే కేబుల్‌కు సీసీఏ ఎంత చవకగా వచ్చినా వద్దు.

జాక్‌ను మన దగ్గర పనివాళ్లు ఐఓ అంటారు, పెట్టె మీద కీస్టోన్ అని ఉంటుంది. కేబుల్ క్యాట్ 6 అయితే జాక్ కూడా క్యాట్ 6 కావాలి, ప్యాచ్ కార్డ్ కూడా. ఈ మూడింటిలో ఏది తక్కువ తరగతిదో మొత్తం లైనుకు ఆ తరగతే లెక్క. జాక్ కొనే ముందు మీ ఇంట్లోని స్విచ్ బోర్డు ప్లేట్లను గమనించండి. మాడ్యులర్ స్విచ్‌లు తయారుచేసే కంపెనీలు తమ ప్లేట్లలో స్విచ్ స్థానంలో సరిపోయే ఆర్‌జే 45 (నెట్‌వర్క్ జాక్) మాడ్యూళ్లు కూడా అమ్ముతాయి. వేరే కంపెనీ జాక్ అందులో బిగుసుకోకపోవచ్చు. లోపలి పిన్నుల మీద బంగారు పూత 50 మైక్రో అంగుళాలు అని రాసి ఉన్నదాన్ని ఎంచుకోవడం సముద్రతీరపు ఊరిలో దండగ ఖర్చు కాదు.

ఇక పనిముట్లు. పై తొడుగు ఒలిచే చిన్న స్ట్రిప్పర్, తీగలను అంచుకు కత్తిరించే నిప్పర్, తీగలను జాక్ గాడుల్లోకి దించే పంచింగ్ టూల్, తీగలు సరిగా కలిశాయో చూపే లాన్ టెస్టర్, చెరగని ఇంకు మార్కర్ ఉంటే చాలు. వీటిలో డబ్బు పెట్టవలసింది పంచింగ్ టూల్ మీద. జాక్ వెనక గాడుల్లో కత్తెరలాంటి లోహపు అంచులు ఉంటాయి. తీగను వాటి మధ్యకు నెట్టినప్పుడు అవి ప్లాస్టిక్ తొడుగును కోసి నేరుగా రాగిని పట్టుకుంటాయి. కాబట్టి ఒక్కొక్క తీగ మీది ప్లాస్టిక్‌ను విడిగా ఒలవకూడదు. ఈ గాడుల్లో రెండు రకాలు ప్రచారంలో ఉన్నాయి. ఒకటి 110 రకం, రెండోది టెలిఫోన్ లైన్‌మెన్‌లకు చిరపరిచితమైన క్రోన్ రకం. క్రోన్ గాడిలో లోహపు అంచు తీగకు 45 డిగ్రీల ఏటవాలులో ఉంటుంది కనుక దాని బ్లేడు వేరు. చాలా జాక్‌లు రెండు బ్లేడులకూ సరిపడేలా వస్తున్నా, ఏ బ్లేడు వాడాలో జాక్ కవరు మీద చూసి అదే వాడండి. స్ప్రింగుతో టక్కుమని కొట్టి, మిగిలిన తీగను అదే దెబ్బకు కత్తిరించే ఇంపాక్ట్ టూల్ కొనండి. జాక్‌తో ఉచితంగా ఇచ్చే ప్లాస్టిక్ ముక్క ఒకటి రెండు జాక్‌లకు పనికొస్తుంది, అంతే. స్క్రూడ్రైవరుతో నొక్కితే గాడి అంచులు విచ్చుకుపోతాయి. విచ్చుకున్న అంచు తీగను మళ్లీ ఎప్పటికీ గట్టిగా పట్టుకోదు.

టూల్ అవసరం లేకుండా మూత నొక్కితే బిగుసుకునే జాక్‌లు కూడా దొరుకుతాయి. ఇంటికి రెండు మూడు పాయింట్లే అయితే ఖరీదు కాస్త ఎక్కువైనా అవి మంచి ఎంపికే.

రంగుల వరుస

కేబుల్‌లో నాలుగు జతలు ఉంటాయి: నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ. ఒక్కో జతలో ఒకటి నిండు రంగు, రెండోది తెలుపు మీద ఆ రంగు చార. వీటిని అమర్చే పద్ధతులు రెండు, టీ568ఏ, టీ568బీ. బీ పద్ధతిలో ఒకటో పిన్ను నుంచి వరుస ఇది: తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. టీ568ఏ పద్ధతిలో నారింజ, ఆకుపచ్చ జతలు పరస్పరం స్థానాలు మార్చుకుంటాయి. నీలం, గోధుమ జతలు కదలవు. రెండింటిలో వేగానికి తేడా ఏమీ లేదు. మన దగ్గర వాడుకలో ఉన్నది బీ కనుక అదే పాటించండి. రెండు చివర్లా ఒకటే ఉండటం ముఖ్యం. పాత ఆఫీసులో ఒక్క పాయింటు కొత్తగా వేస్తున్నప్పుడు, ఉన్న జాక్ ఒకటి విప్పి అక్కడ ఏ పద్ధతి ఉందో ముందే చూసుకోండి.

జాక్ వెనక గాడులు ఒకటి నుంచి ఎనిమిది దాకా వరుసగా ఉండవు. కంపెనీని బట్టి మారిపోతాయి. అందువల్ల ప్లగ్‌కు నేర్చుకున్న వరుసను జాక్ మీద ప్రయోగించకండి. జాక్ పక్కల అంటించిన రంగుల చీటీలో ఏ, బీ అని రెండు వరుసలు ఉంటాయి. బీ వరుసను చూసి ఆ రంగు పక్కన ఆ తీగ పెట్టడమే మీ పని.

కొన్ని చవక కేబుళ్లలో తెల్ల తీగ మీద చార అసలు కనిపించదు, నాలుగూ ఒకేలా ఉంటాయి. అప్పుడు ఏ తెలుపు ఏ రంగుతో పురి పడి ఉందో దాన్ని బట్టే గుర్తుపట్టాలి. కాబట్టి జతలన్నీ ఒకేసారి విప్పేయకండి.

తొడుగు ఒలవడం

పని మొదలుపెట్టే ముందు కేబుల్ అవతలి చివర రౌటరుకో నెట్‌వర్క్ స్విచ్‌కో తగిలించి లేదని నిర్ధారించుకోండి. గోడ పెట్టెలో కేబుల్ ఒక జానెడు అదనంగా ఉంచండి; తర్వాత ఎప్పుడైనా జాక్ మార్చవలసి వస్తే ఆ జానెడే మిమ్మల్ని కాపాడుతుంది. లోపల దాన్ని వెడల్పైన చుట్టగా వదలాలి. కేబుల్ మందానికి నాలుగు రెట్ల కంటే తక్కువ వ్యాసార్ధంతో వంచకూడదు. క్యాట్ 6కు అది ఇంచుమించు ఒక అంగుళం.

తొడుగును రెండు అంగుళాలు తీయాలి. స్ట్రిప్పర్‌ను ఒక్క చుట్టు తిప్పి, తొడుగు పూర్తిగా తెగే దాకా కోయకుండా, గాటు పడిన చోట వంచి తుంచండి. లోపలి తీగల ప్లాస్టిక్ మీద గాటు పడితే ఆ చివరను కత్తిరించి మళ్లీ మొదలుపెట్టండి. గాటు పడిన తీగ ఇవాళ పనిచేసినా రేపు విరుగుతుంది. తొడుగు లోపల ఒక దారం ఉంటే దానికీ ప్రయోజనం ఉంది: కొంచెం ఒలిచి, ఆ దారాన్ని పట్టుకుని కిందికి లాగితే తొడుగు నిలువునా చీలుతుంది, బ్లేడు తీగల దగ్గరికే వెళ్లదు. క్యాట్ 6లో నాలుగు జతలను వేరుచేస్తూ మధ్యలో ప్లస్ గుర్తు ఆకారంలో ప్లాస్టిక్ పట్టీ నడుస్తుంది. దాన్ని తొడుగు అంచు దాకా కత్తిరించాలి. మిగిలితే జాక్ మూత పడదు.

తీగలను గాడుల్లో దించడం

ఇక్కడ నిదానించండి. జతలోని రెండు తీగలకు పురి ఎందుకు పెట్టారో తెలిస్తే మిగతా పని దానంతటదే సరిగా వస్తుంది. ఒక జతలో రెండు తీగలూ పరస్పరం వ్యతిరేకమైన సంకేతాలను మోస్తాయి. బయటి నుంచి వచ్చే అలజడి పురి వల్ల రెండు తీగల మీదా దాదాపు సమానంగా పడుతుంది, అవతలి చివర రెండింటి తేడాను మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు కనుక ఆ అలజడి రద్దవుతుంది. పక్కపక్క జతలు ఒకదాని మాట ఒకటి వినకుండా ఉండేందుకు ఒక్కో జతకు ఒక్కో కొలతలో పురి పెడతారు. మీరు పురి విప్పిన ప్రతి చోటా ఈ ఏర్పాటు ఆగిపోతుంది. అందుకే విప్పిన పొడవు 13 మిల్లీమీటర్లు, అంటే అర అంగుళం, దాటకూడదని ప్రమాణం చెబుతుంది. దాటనంత మాత్రాన సరిపోయిందని కూడా అనుకోకండి. ఎంత తక్కువ విప్పితే అంత మంచిది.

ఆచరణలో ఇలా చేయాలి. కేబుల్ తొడుగు అంచు జాక్ వెనక భాగానికి ఆనేలా పెట్టండి. నాలుగు జతలను విప్పకుండానే, ఏ జత ఏ మూలకు వెళ్లాలో చీటీ చూసి అటు తిప్పండి. ఒక జతను తీసుకుని, దాని రెండు గాడుల మధ్య ఉన్న మొనను జతలోని రెండు తీగల మధ్యకు తోయండి. మొన దగ్గర తీగలు వాటంతటవే విడిపోయి చెరో గాడిలోకి వెళతాయి, పురి గాడి అంచు దాకా మిగిలే ఉంటుంది. ముందే తీగలన్నీ విప్పి, దువ్వెన పళ్లలా చదునుగా సర్ది, ఆ తర్వాత గాడుల్లో పెట్టడం చూడటానికి శుభ్రంగా ఉంటుంది కానీ, నెట్‌వర్క్‌కు చేటు చేసే శుభ్రత అది.

ఎనిమిది తీగలనూ వేలితో గాడుల్లో ఆనించాక రంగులను మరోసారి చీటీతో సరిపోల్చండి. పంచ్ చేశాక పొరపాటు కనిపిస్తే తీగను లాగి మళ్లీ అదే చోట గుచ్చడం కుదరదు. జాక్‌ను చెక్క ముక్క మీదో, జాక్ కూర్చునేలా గుంట ఉన్న హోల్డరు మీదో పెట్టండి. అరచేతిలో పట్టుకుని కొడితే బ్లేడు జారి చేతిలో దిగుతుంది. టూల్ బ్లేడులో ఒక వైపు కత్తి ఉంటుంది, రెండో వైపు ఉండదు. కత్తి ఉన్న వైపు జాక్ బయటికి ఉండాలి. తిప్పి పట్టుకుంటే పనికొచ్చే తీగ తెగి, పనికిరాని ముక్క గాడిలో మిగులుతుంది. టూల్‌ను నిటారుగా నిలిపి, టక్కుమనే దాకా ఒకే ఒత్తిడితో నొక్కండి. ఒక తీగకు ఒక దెబ్బ. తోక తెగకపోతే బలం ఎక్కువ పెట్టే బదులు బ్లేడు మొండిబారిందేమో చూడండి. ఒక గాడిలో రెండు తీగలు ఎన్నడూ పెట్టకూడదు.

సరిగా దిగిన తీగ గాడి అడుగున, రెండు లోహపు అంచుల మధ్య, పక్క తీగలతో సమానమైన లోతులో కనిపించాలి. ఈ లోతుకు మన ఊళ్లో ఇంకొక ప్రాధాన్యం ఉంది. పూర్తిగా దిగిన చోట లోహానికి రాగి ఎంత గట్టిగా ఒత్తుకుంటుందంటే, ఆ ఇరుకులోకి గాలి కూడా చొరబడదు. సగం దిగిన తీగ దగ్గర ఆ రక్షణ ఉండదు. లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు వంటి తీరం పక్క ప్రాంతాల్లో ఉప్పుతేమ అక్కడ చేరి రాగిని పచ్చబారుస్తుంది. బిగించిన రోజు పనిచేసి, వానాకాలం తర్వాత మొరాయించే జాక్‌ల వెనక మూత తీసి చూస్తే చాలాసార్లు కనిపించేది ఇదే.

పంచ్ అయ్యాక జాక్‌తో వచ్చిన చిన్న మూతలు తప్పక పెట్టండి. అవి తీగలను గాడుల్లోంచి లేవనివ్వవు, దుమ్మును ఆపుతాయి. కేబుల్ టై బిగించేటప్పుడు తొడుగు నలిగేంతగా లాగకండి.

పెట్టెలో అమర్చడం

ప్లేటులో జాక్‌ను పిన్నులు పైవైపు, ప్లగ్ నాలుక కిందివైపు వచ్చేలా పెట్టండి. అప్పుడు దుమ్ము, తేమ పిన్నుల మీద పేరుకోవు. ఇనుప స్క్రూలు తీరం దగ్గర త్వరగా తుప్పుపట్టి, తర్వాత విప్పబోతే తల అరిగి ఇబ్బంది పెడతాయి. స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు వాడటం మేలు. వాడని జాక్‌లకు రబ్బరు మూత పెట్టండి.

నెట్‌వర్క్ కేబుల్‌ను 230 వోల్టుల కరెంటు తీగలున్న పైపులో గానీ, అదే పెట్టెలో గానీ ఉంచకూడదు. స్థలం లేదని ఎలక్ట్రీషియన్ ఒప్పించబోయినా ఒప్పుకోకండి. ఇది వేగానికి సంబంధించిన విషయం కంటే ముందు ప్రాణానికి సంబంధించిన విషయం. రెండూ ఒకదాన్నొకటి దాటవలసి వస్తే అడ్డంగా, లంబకోణంలో దాటించండి. పక్క భవనానికి కనెక్షన్ తీసుకెళ్లాలంటే రాగి కేబుల్ అసలే వద్దు. రెండు భవనాల ఎర్తుల తేడా, పిడుగులు రెండూ పరికరాలను కాల్చేస్తాయి కనుక అక్కడ ఫైబరే వాడాలి.

ప్లగ్ తప్పని చోట

బయటి కెమెరాల దగ్గర జాక్‌కు చోటు ఉండదు, ప్లగ్ క్రింప్ చేయక తప్పదు. ఒంటి తీగలకు తగిన ప్లగ్ వేరు, పోగుల తీగలకు తగిన ప్లగ్ వేరు; అడిగి కొనండి. తీగలను బీ వరుసలో సర్ది, అర అంగుళం పొడవుకు సమానంగా కత్తిరించి, ప్లగ్ నాలుక కిందివైపు ఉండేలా పట్టుకుని లోపలికి తోయండి. ఎనిమిది రాగి కొనలూ ప్లగ్ ముందు గోడను తాకుతూ కనిపించాలి, తొడుగు కూడా వెనక బిగింపు కిందికి వెళ్లాలి. ఆ తర్వాతే క్రింపింగ్ టూల్ పూర్తిగా మూసుకునే దాకా నొక్కండి. బయట వాడే కేబుల్ తొడుగు ఎండకు తట్టుకునే నల్ల పాలిథీన్‌ది కావాలి. ప్లగ్‌ను నీరు దూరని పెట్టెలో ఉంచి, కేబుల్ పెట్టెలోకి కింది నుంచి వచ్చేలా, దానికి ముందు ఒక వంపు కిందికి వేలాడేలా వదలండి. కారిన నీరు ఆ వంపు దగ్గరే పడిపోతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను చూసినవాళ్లకు ఇక్కడ వాన పై నుంచి మాత్రమే రాదని వేరే చెప్పనక్కర్లేదు.

పరీక్షించడం

లాన్ టెస్టర్ ఒక భాగాన్ని ఇవతలి జాక్‌కు, రెండో భాగాన్ని అవతలి జాక్‌కు ప్యాచ్ కార్డులతో తగిలించండి. కేబుల్ ఏ స్విచ్‌కూ కలిసి ఉండకూడదు. కెమెరా స్విచ్‌ల నుంచి కరెంటు వస్తుంటే టెస్టరే కాలిపోవచ్చు. ఒకటి నుంచి ఎనిమిది దాకా దీపాలు రెండు వైపులా ఒకే వరుసలో వెలగాలి. ఒక దీపం వెలగకపోతే ఆ తీగ ఎక్కడో తెగింది, లేదా గాడిలో దిగలేదు. వరుస మారితే తీగలు తారుమారయ్యాయి. రెండు దీపాలు కలిసి మసగ్గా వెలిగితే ఆ రెండు తీగలు ఎక్కడో కలుస్తున్నాయి.

అయితే ఈ టెస్టర్ పట్టుకోలేని లోపం ఒకటి ఉంది. జతలను నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ అని వరసగా, రెండు చివర్లా ఒకేలా అమర్చారనుకోండి. టెస్టర్‌లో ఎనిమిది దీపాలూ చక్కగా వెలుగుతాయి. కానీ నెట్‌వర్క్ కార్డు 3, 6 పిన్నులను ఒక జతగా వాడుతుంది. మీ అమరికలో 3 ఆకుపచ్చ జతలోది, 6 నీలం జతలోది. ఒకదానితో ఒకటి పురి లేని రెండు తీగలు ఒక జతగా పనిచేయవలసి వస్తుంది, చిన్న దూరంలో నడిచినట్టే కనిపించి, డేటా రద్దీ పెరిగేసరికి కనెక్షన్ తడబడుతుంది. టెస్టర్ తీగ ఉందా లేదా అని చూస్తుందే తప్ప దాని తోడు ఎవరో చూడదు. కాబట్టి దీపాలు చూసి సంతృప్తి పడక, ల్యాప్‌టాప్ తగిలించి నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో లింక్ వేగం ఎంత ఉందో చూడండి. ల్యాప్‌టాప్, రౌటరు రెండూ గిగాబిట్‌వే అయితే అక్కడ 1000 ఎంబీపీఎస్, అంటే 1 జీబీపీఎస్ రావాలి. ఆపైన ఇంట్లోని రెండు కంప్యూటర్ల మధ్య పెద్ద ఫైలు ఒకటి పంపి, వేగం నిలకడగా ఉందో లేదో గమనించండి. ఆఫీసులో ఇరవై ముప్పై పాయింట్లు కాంట్రాక్టరుతో వేయించుకుంటే, ప్రతి పాయింటుకూ ప్రమాణం ప్రకారం పరీక్షించిన రిపోర్టు ఇవ్వాలని ముందే ఒప్పందంలో రాయించుకోండి; ఆ పరీక్ష చేసే యంత్రం ఖరీదు లక్షల్లో ఉంటుంది కనుక మనం కొనుక్కునేది కాదు.

లింక్ వేగం 100 దగ్గరే ఆగిపోతే ముందుగా నీలం, గోధుమ జతలను అనుమానించండి. 100 ఎంబీపీఎస్‌కు 1, 2, 3, 6 పిన్నులు చాలు. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. అందువల్ల నీలం జతలోనో గోధుమ జతలోనో ఒక తీగ పట్టు తప్పినా, చాలా పరికరాలు చడీచప్పుడు లేకుండా 100కు దిగిపోయి పనిచేస్తూనే ఉంటాయి. ముందు ప్యాచ్ కార్డు మార్చి చూడండి, తర్వాత రెండు చివర్లలో తేలిగ్గా చేరగలిగిన జాక్ విప్పండి. లోపం దొరికిన తీగను అదే గాడిలో మళ్లీ కొట్టకుండా, కేబుల్ కొనను ఒకటిన్నర రెండు అంగుళాలు కత్తిరించి ఎనిమిది తీగలనూ కొత్తగా దించండి. పెట్టెలో వదిలిన జానెడు పొడవు ఉన్నది అందుకే.

అన్నీ సరిగా ఉన్నాయని తేలాక కేబుల్ రెండు చివర్ల తొడుగు మీదా, రెండు ప్లేట్ల మీదా ఒకే నంబరు మార్కర్‌తో రాయండి. ఏ నంబరు ఏ గదికి వెళుతుందో ఒక కాగితం మీద రాసి, రౌటరు ఉన్న పెట్టె తలుపుకు లోపలివైపు అతికించండి.